చీజ్ రొట్టె, షుగర్ మీటరు: ఒక వంటింటి ప్రాజెక్టు డైరీ

షుగర్ ఉన్నవాళ్ళు తినగలిగే చీజ్ రొట్టెను ఇంట్లో చేయడానికి పెట్టుకున్న షరతులు మూడే. ఒక్కో రొట్టెలో పిండిపదార్థం 25 గ్రాములు దాటకూడదు. చీజ్ లోపలే ఉండాలి, పెనానికి అంటకూడదు. తినడం మొదలుపెట్టిన ఒకటి, రెండు గంటలకు షుగర్ 180 దాటకూడదు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు భోజనం తర్వాత సాధారణంగా డాక్టర్లు పెట్టే హద్దు అదే. మీ డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే అదే లెక్క.

తిరుపతి ఎండల్లో, ఇనప పెనం మీద, మామూలు గ్యాస్ పొయ్యి మీద చేసిన పని ఇది. ఓవెన్ అక్కర్లేదు.

కావలసిన సామాన్లు:

1. ఒక గ్రాము తేడా కూడా చూపే కిచెన్ త్రాసు. ఇది లేకపోతే మొదలుపెట్టొద్దు. గ్లాసులు, గుప్పెళ్ళతో ఈ లెక్క తేలదు.
2. ఇనప పెనం, అట్లకాడ, చపాతీ పీట, కర్ర.
3. గ్లూకోమీటరు, ఒకే డబ్బాలోని స్ట్రిప్పులు.
4. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. ఉంటే మంచిది, లేకపోయినా పని జరుగుతుంది.

దశ 0: మైదా లెక్క

దేన్ని తగ్గిస్తున్నామో ముందు తెలియాలి. ఒక పెద్ద చీజ్ నాన్‌కు ఇంట్లో 70 గ్రాముల మైదా పడుతుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం, పీచు తీసేసి చూస్తే వంద గ్రాముల్లో పిండిపదార్థం ఇంత:

మైదా 74, గోధుమపిండి 64, రాగి 67, జొన్న 68, శనగపప్పు 47.

ఇప్పటి లెక్క: 70 గ్రాముల మైదా = పిండిపదార్థం 52 గ్రాములు. చీజ్ వల్ల దీనికి కలిసేది ఒకటి, రెండు గ్రాములే. అంటే షుగర్ పెంచేది చీజ్ కాదు, దాని చుట్టూ ఉన్న పిండి.

దశ 1: గోధుమపిండితో

మైదా తీసేసి అంతే బరువు గోధుమపిండి పెడితే 45 గ్రాములు. తగ్గింది ఏడు గ్రాములే. పీచు మాత్రం బాగా పెరిగింది. వంద గ్రాముల మైదాలో మూడు గ్రాములు కూడా లేని పీచు, గోధుమపిండిలో పదకొండు దాటుతుంది. అయితే పాకెట్ మీద హోల్ వీట్ అని రాసున్నా వెనక పదార్థాల జాబితాలో మైదా ఉంటే ఈ అంకె వర్తించదు. మరలో పట్టించుకుని జల్లెడ పడితే పీచు జల్లెడలోనే మిగిలిపోతుంది. జల్లించకండి.

ఈ దశలో తేలింది ఏమిటంటే, పిండి పేరు మార్చి బరువు మార్చకపోతే ఒరిగేది తక్కువ.

దశ 2: రాగి ఒక్కటే వేసి

మన వైపు రాగి అంటే షుగర్‌కు మందు అన్నంత నమ్మకం. పలమనేరు, కుప్పం వైపు ఇంటింటా సంగటి ఉంటుంది కాబట్టి ఆ నమ్మకం గట్టిది కూడా. అంకెలు మాత్రం వేరే చెబుతున్నాయి. 70 గ్రాముల రాగిపిండిలో పిండిపదార్థం 47 గ్రాములు, అంటే గోధుమ కంటే ఒక పిసరు ఎక్కువే. కాల్షియం, పీచు విషయంలో రాగి గొప్పదే, కాదనలేం. కానీ మెత్తగా పట్టించిన పిండిని జావ కాచినా, సంగటి చేసినా త్వరగా అరుగుతుంది. పైగా సంగటిలో బియ్యం కూడా ఉడుకుతుందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వంట పరంగా ఎదురైన ఇబ్బందులు:

చన్నీళ్ళతో కలిపిన రాగిపిండి సాగదు. దాంట్లో గ్లూటెన్ (గోధుమపిండిని సాగేలా చేసే జిగురు) లేదు. కర్రతో ఒత్తితే అంచులు పగిలాయి, లోపల చీజ్ పెట్టి మూస్తే మడత దగ్గర విచ్చుకుంది. మరిగే నీళ్ళు పోసి కలిపితే పిండిలోని స్టార్చ్ కొంత ఉడికి జిగురొస్తుంది. చేత్తో తట్టే రొట్టెకు ఆ జిగురు చాలు, పూర్ణం పెట్టి మూయడానికి మాత్రం చాలదు. రాగిని పూర్తిగా తీసేయలేదు, రుచి కోసం 20 గ్రాములకు తగ్గించాం. ఆ 20 గ్రాములకూ మరిగే నీళ్ళే.

జొన్నదీ ఇదే కథ. పిండిపదార్థం ఇంకో గ్రాము ఎక్కువ, పగుళ్ళు ఇంకా ఎక్కువ. దాని గురించి ఇంతకంటే రాయడం అనవసరం.

దశ 3: శనగపిండి, ఇసబ్‌గోల్

ఇక్కణ్ణుంచి నాలుగు రొట్టెల లెక్క, రొట్టెకు పిండి 70 కాదు, 35 గ్రాములే.

మొదటి కలయిక: గోధుమపిండి 50, శనగపిండి 90. రొట్టెకు పిండిపదార్థం 18.5 గ్రాములు. అంకె చాలా బాగుంది, రొట్టె మాత్రం తినేలా లేదు. పచ్చి శనగపిండి వాసన వచ్చింది, పిండి చేతికి అతుక్కుంది, ఒత్తుతుంటే నడుమ చిల్లులు పడ్డాయి. శనగపిండిని పొడి పెనం మీద సన్న సెగన నాలుగైదు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే పచ్చి వాసన పోయింది, అతుక్కోవడం కూడా తగ్గింది. చిల్లులు అలాగే ఉన్నాయి. పూర్ణాన్ని పట్టి ఉంచడానికి గ్లూటెన్ కొంతయినా కావాలి, లేదా దాని పని చేసే మరో జిగురు కావాలి.

ఆ జిగురు ఇసబ్‌గోల్ పొట్టు. అది దాదాపు అంతా పీచే, నీళ్ళు పీల్చుకుని బంకలా మారుతుంది. దాంతో మూడు రకాలుగా చూసినప్పుడు:

3 గ్రాములు వేస్తే తేడా తెలియలేదు.
15 గ్రాములు వేస్తే రొట్టె రబ్బరులా సాగింది, లోపల తడి ఆరలేదు, ఎంత కాల్చినా ఉడకనట్టే ఉంది.
8 గ్రాముల దగ్గర కుదిరింది.

పొట్టు చాలా తేలిక, స్పూను కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. త్రాసు మీదే తూచండి. పొడిపిండిలోనే కలపాలి, నీళ్ళలో ముందు వేస్తే ఉండ కట్టి మళ్ళీ విడిపోదు.

ఖాయమైన కొలత (4 రొట్టెలకు):

గోధుమపిండి 70 గ్రా., వేయించిన శనగపిండి 50 గ్రా., రాగిపిండి 20 గ్రా., ఇసబ్‌గోల్ పొట్టు 8 గ్రా., వాము చిటికెడు. ఉప్పు వేయొద్దు, చీజ్‌లో ఉన్నదే ఎక్కువ.

1. రాగిపిండి మీద 40 మి.లీ. మరిగే నీళ్ళు పోసి స్పూనుతో కలిపి ఐదు నిమిషాలు మూత పెట్టండి.
2. మిగతా పొడిపిండ్లు, ఇసబ్‌గోల్, వాము కలపండి. రాగి ముద్దను అందులో చిదమండి.
3. గోరువెచ్చని నీళ్ళు 70 మి.లీ. పోసి కలపండి. ఈ దశలో జారుగా ఉంటుంది, భయపడి పిండి చల్లొద్దు. పిండి చల్లితే లెక్క మారిపోతుంది.
4. తడిగుడ్డ కప్పి 20 నిమిషాలు వదిలేయండి. ఇసబ్‌గోల్ నీళ్ళు లాక్కుని ముద్ద గట్టిపడుతుంది. ఇంకా పొడిగా ఉంటే చెంచా చెంచాగా 15 మి.లీ. వరకు నీళ్ళు చేర్చండి.
5. నాలుగు సమాన ఉండలు చేయండి. ఒక్కోటి 65 గ్రాముల దగ్గర వస్తుంది.

ఇప్పటి లెక్క: గోధుమ 45 + శనగ 23.5 + రాగి 13.5 = 82. నాలుగుతో భాగిస్తే రొట్టెకు 20.5 గ్రాములు.

మే నెలలో ఈ ముద్దను బయట రెండు గంటలకు మించి పెట్టకండి. శనగపిండి కలిసిన ముద్ద నలభై డిగ్రీల వేడిలో త్వరగా పులుస్తుంది.

దశ 4: చీజ్ కారిపోవడం

ఎక్కువ రొట్టెలు పాడైంది ఈ దశలోనే. అందుకే వివరంగా.

ఏ చీజ్ ఎలా ప్రవర్తిస్తుందో ముందు చూడాలి. మన కొట్లలో దొరికే ప్రాసెస్డ్ చీజ్ క్యూబుల్లో కొవ్వు, నీరు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు వేస్తారు. అందుకే అది వేడికి సాఫీగా కరిగి ద్రవంలా పారుతుంది. చిన్న చిల్లు దొరికినా బయటికొస్తుంది. మొజరెల్లా కరిగి తీగలా సాగుతుంది, అంత సులువుగా పారదు, కానీ చల్లారితే గట్టిపడుతుంది. పనీర్ అసలు కరగదు. నిమ్మరసమో వెనిగరో వేసి విరగ్గొట్టిన పాలతో చేసింది కాబట్టి పెనం మీద వేగుతుంది తప్ప పారదు.

ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే 40 గ్రాములు పెట్టిన రొట్టె మడత దగ్గర తెరుచుకుని, సగం చీజ్ పెనం మీద మాడింది. మొజరెల్లా ఒక్కటే పెడితే కారలేదు, కానీ రుచి చప్పగా ఉంది. సగం చీజ్, సగం పనీర్ కలిపితే పనీర్ తురుము నడుమ కరిగిన చీజ్ చిక్కుకుని నిలిచింది. రొట్టెకు 20, 20 దగ్గర ఆపేశాం.

కారడానికి మిగిలిన కారణాలు, వాటికి చేసిన మార్పులు:

ఆవిరి. పూర్ణంలో నీరుంటే అది ఆవిరై రొట్టెను ఉబ్బిస్తుంది, బలహీనమైన చోట చీలుస్తుంది. పచ్చి ఉల్లిపాయ ముక్కల్లో ఉప్పు వేసి పెడితే నీరు ఊరింది. ఉల్లిపాయ తీసేసి మెంతికూర వేశాం. కోసి, పొడి పెనం మీద రెండు నిమిషాలు వాడ్చి, చేత్తో పిండి వేయాలి. పనీర్‌ను గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి పావుగంట ఉంచాలి.

పీల్చుకునే పొడి. వేయించి పొట్టు తీసిన శెనక్కాయ (వేరుశనగ) గింజల పొడి రొట్టెకు 4 గ్రాములు. మిగిలిన తడిని పట్టుకుంటుంది, రుచి కూడా మనది. మెత్తగా రుబ్బితే నూనె వదిలి ముద్దవుతుంది, బరకగా ఉండాలి.

వేడి చీజ్. ఎండాకాలంలో తురిమేలోపే చీజ్ మెత్తబడి పిండికి అంటుకుంటుంది. క్యూబులను తురిమే ముందు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టాలి.

బరువుల పొత్తు. పిండి 65, పూర్ణం 65 పెట్టినప్పుడు మడత నిలవలేదు. పూర్ణాన్ని 52కు దించితే నిలిచింది. మూసే పద్ధతి ఓళిగకు (బొబ్బట్టుకు) పూర్ణం పెట్టి మూసినట్టే. పిండిని చిన్న వెడల్పు చేసి అంచులు పలచగా, నడుమ మందంగా ఉంచి, మధ్యలో పూర్ణం పెట్టి అంచులు పైకి లాగి నొక్కి, మూసిన వైపు కిందికి తిప్పాలి.

పూర్ణం (ఒక రొట్టెకు): చీజ్ తురుము 20 గ్రా., పనీర్ 20 గ్రా., వాడ్చి పిండిన మెంతికూర 8 గ్రా., శెనక్కాయ పొడి 4 గ్రా., సన్నగా తరిగిన పచ్చిమిరపకాయ.

ఒత్తేటప్పుడు 17 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగైదు మిల్లీమీటర్ల మందం దగ్గర ఆపాలి. ఇంకా పలచన చేస్తే చిల్లు పడుతుంది. పొడిపిండి చల్లకుండా, రెండు ప్లాస్టిక్ కాగితాల నడుమ ఒత్తితే అంటుకోదు.

ఇప్పటి లెక్క (ఒక రొట్టె): పిండిపదార్థం 20.5 + పూర్ణంలో దాదాపు 2 = 22 నుంచి 23 గ్రాములు. ప్రోటీన్ 12 గ్రాముల పైన. పనీర్ పాకెట్ మీద అంకె బ్రాండును బట్టి మారుతుంది, మీ పాకెట్ చూసి సరిచేసుకోండి.

ఉప్పు సంగతి: 20 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్‌లో సోడియం 250 నుంచి 300 మి.గ్రా. వరకు ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2,000 కంటే తక్కువ. ఊరగాయ పక్కన పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

దశ 5: పెనం

పెనం 240 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు శనగపిండి బయట నల్లబడింది, లోపల పచ్చిగా మిగిలింది. 160 దగ్గర రొట్టె ఎండిపోయి అట్టలా తయారైంది, అంతసేపటికి చీజ్ కారడం మొదలైంది. 190 నుంచి 200 బాగా పనిచేసింది. థర్మామీటరు లేకపోతే నీటిచుక్క వేసి చూడండి. చుక్క చుయ్‌మని వెంటనే ఆవిరైతే సరి. ముత్యంలా గుండ్రంగా దొర్లితే పెనం మరీ కాలింది, సెగ తగ్గించండి. మెరిసే స్టీలు పెనం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తప్పు చూపిస్తుంది, నల్లటి ఇనుము మీద నమ్మొచ్చు.

1. మూసిన వైపు కిందికి వచ్చేలా వేసి ఒక నిమిషం.
2. తిప్పి నిమిషంన్నర. అట్లకాడతో నొక్కకండి, చీజ్ బయటికి దూకుతుంది.
3. అర చెంచా నూనె అంచుల వెంట వేసి, సెగ తగ్గించి, మూత పెట్టి ఇంకో నిమిషం.
4. దించి రెండు నిమిషాలు ఆగి కోయండి.

దశ 6: మీటరు

ముందుగా ఒక హెచ్చరిక. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు పిండిపదార్థం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే లో షుగర్ రావచ్చు. డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. 70 కంటే కిందికి దిగితే పరీక్ష అక్కడితో ఆపి, 15 గ్రాముల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకు మళ్ళీ చూసుకోవాలి. అప్పుడు చీజ్ రొట్టె తింటే లాభం లేదు, అది ఆలస్యంగా అరుగుతుంది.

కొలిచే పద్ధతి:

1. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. బేనీషా మామిడిపండు కోసిన చేత్తో గుచ్చితే వేలి మీది పండు రసమే అంకెను అమాంతం పెంచుతుంది.
2. తినే ముందు ఒకసారి. 80 నుంచి 130 మధ్య లేకపోతే ఆ రోజు పరీక్ష వద్దు.
3. మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి గడియారం. పావుగంటలో తినడం ముగించాలి.
4. ఒకటి, రెండు, మూడు గంటలకు కొలవాలి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.
5. ఆ మూడు గంటలూ మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. నడక కూడా వద్దు.
6. ఒక్క రోజు అంకెతో తీర్పు చెప్పొద్దు. ఒకే రొట్టెను వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు కొలవాలి.

ఆరో అంశం ఎందుకంటే మీటరుకూ తడబాటు ఉంది. అంతర్జాతీయ ప్రమాణం (ఐఎస్ఓ 15197, 2013) ప్రకారం 100 పైన ఉన్న అంకెల్లో 15 శాతం అటూ ఇటూ ఉన్నా మీటరు సరైనదే. అంటే అసలుది 160 అయితే మీటరు 136 చూపొచ్చు, 184 కూడా చూపొచ్చు. రెండు రొట్టెల మధ్య పది, పదిహేను తేడా వచ్చిందని సంబరపడటానికి ఏమీ లేదు.

స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి ఉంచాలి, తేమ తగిలితే పాడవుతాయి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెట్టొద్దు.

ఒకరి మీటరు అంకెలు ఇంకొకరికి పనికిరావు కాబట్టి ఇక్కడ ఎవరివీ ఇవ్వడం లేదు. ఎక్కి దిగే తీరు మాత్రం అందరికీ పనికొస్తుంది. ఉత్త మైదా రొట్టె తింటే చాలామందిలో గంటకే షుగర్ పైకెక్కి, తర్వాత దిగడం మొదలవుతుంది. అదే మైదాలో చీజ్ బాగా దట్టిస్తే గంట దగ్గర అంకె ముద్దుగా ఉంటుంది. కొవ్వు పొట్టను ఆలస్యంగా ఖాళీ చేయిస్తుంది, ఆ పిండి పెంచే షుగర్ రెండో, మూడో గంటకు బయటపడుతుంది. గంటకే ఒకసారి కొలిచి ‘చీజ్ వేసుకుంటే షుగర్ పెరగదు’ అని చెప్పేవాళ్ళు చూడనిది ఈ మూడో గంటనే. భోజనానికి ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. ముందు పడిపోయి తర్వాత పెరగొచ్చు.

లెక్కలోకి తీసుకోకూడని రోజులు కొన్ని ఉన్నాయి. జ్వరం, నిద్రలేని రాత్రి, స్టెరాయిడ్ మాత్రలు. లడ్డు ప్రసాదం నోట్లో వేసుకున్న రోజు సరేసరి. అలిపిరి మెట్లెక్కి వచ్చిన మర్నాడు కూడా వద్దు. గట్టిగా కష్టపడిన కండరాలు ఒక రోజు పైగా చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి. ఆ రోజు అంకె తక్కువ వస్తే ఆ గొప్ప కాళ్ళది, రొట్టెది కాదు.

దశ 7: పళ్ళెంలో పక్కన

రెండో రొట్టె వేసుకుంటే 45 గ్రాములు. అంటే దశ 1కి తిరిగి వచ్చినట్టే. ఒక రొట్టెతో కడుపు నిండాలంటే పక్కన ఏదైనా ఉండాలి: కీరా, ముల్లంగి ముక్కలు, పెసరపప్పుతో కోసంబరి, చక్కెర వేయని మజ్జిగ. కూర ముక్కలు, పప్పు ముందు తిని రొట్టె చివర తింటే తర్వాతి షుగర్ తక్కువగా పెరుగుతుంది. ఈ వరసను మీటరుతో విడిగా కొలిచి చూసుకోవచ్చు. తిన్నాక పావుగంట నడకనూ అలాగే విడిగా కొలవండి. రెండూ ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

టమాటా కెచప్ ఒక టేబుల్‌స్పూనులో దాదాపు 4 గ్రాముల చక్కెర ఉంటుంది. దాని బదులు శెనక్కాయ చట్నీ, బెల్లం లేకుండా. కూల్‌డ్రింకు 300 మి.లీ. తాగితే 30 గ్రాములు దాటుతుంది. అంటే రొట్టె కంటే ఎక్కువ.

ఇసబ్‌గోల్ ఉన్న రొట్టె తిన్నప్పుడు నీళ్ళు బాగా తాగాలి. అది మందులను కూడా పట్టి ఉంచగలదు కాబట్టి మాత్రలకు, దీనికి మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రాసెస్డ్ చీజ్‌లోని ఫాస్ఫేట్ల గురించి డాక్టరును అడగకుండా ఇది చేయొద్దు.

నిల్వ

పిండి ముద్ద ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటుంది, మర్నాటికి కాస్త నీళ్ళు ఊరుతుంది. పూర్ణం పెట్టి ఒత్తిన పచ్చి రొట్టెను ఫ్రిజ్‌లో పెడితే మెంతికూర తడి వదిలి అడుగు మెత్తబడింది, అది పనికిరాదు. రెండు వైపులా అరనిమిషం చొప్పున కాల్చి, చల్లార్చి, నడుమ బటర్‌పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచినవి వారం తర్వాత కూడా చీలలేదు. వాటిని కరగనివ్వకుండా నేరుగా 180 డిగ్రీల పెనం మీద మూత పెట్టి, వైపుకు రెండు నిమిషాలు కాల్చాలి. మైక్రోవేవ్‌లో పెడితే ఇసబ్‌గోల్ వల్ల తోలులా సాగుతుంది.